శుభలేఖ అచ్చుకిచ్చే ముందు ప్రెస్ మాటలు నేర్చుకోవాలా?

"శ్రావణంలో మా చెల్లి పెళ్ళి. ప్రెస్ వాళ్ళు బ్లీడ్, జీఎస్ఎం, రిజిస్టర్ అని ఏవేవో అంటున్నారు. ఇవన్నీ మనకి అవసరమా?" అని ఒకరు అడిగారు.

అన్నీ అక్కర్లేదు. బ్లీడ్ సంగతి డిజైన్ చేసే అబ్బాయి చూసుకుంటాడు, కోతలో పోయేందుకు రంగుని చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచుతాడు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. అది ఎంతో తెలియకపోయినా కాగితం చేత్తో పట్టుకుంటే మందం మీకే అర్థమవుతుంది. రిజిస్టర్ ఒక్కటి మాత్రం నేర్చుకోండి. అంటే విడివిడిగా వేసే రంగులు ఒకదాని మీద ఒకటి జరక్కుండా సరిగ్గా కూర్చోవడం. మన గోదావరి జిల్లాల్లో, అందులోనూ శ్రావణంలో, అది తప్పితేనే శుభలేఖ పాడవుతుంది. పాలకొల్లులో మా మావయ్య ప్రెస్సులో పదకొండేళ్ళు పనిచేసి చెప్తున్న మాట ఇది.

ఒక ఏడాది ఇలాగే శ్రావణంలో వెయ్యి కార్డుల ఆర్డరు వచ్చింది. 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు, పైన వెంకటేశ్వరస్వామి బొమ్మ. మాది 19×26 అంగుళాల షీటు వేసే సింగిల్ కలర్ మిషను. అంటే అదే షీటు నాలుగు రంగులకి నాలుగుసార్లు మిషనెక్కాలి. సాయంత్రానికి రెండు రంగులు అయ్యాయి, కరెంటు పోయింది. బయట ముసురు. షీట్లు బల్ల మీద అలాగే వదిలేసి ఇంటికెళ్ళిపోయాం.

తెల్లారి మిగతా రెండు రంగులూ వేశాం. కాగితం ముందంచుని మిషను పట్టుకుంటుంది, ఆ పట్టుకునే భాగాన్ని గ్రిప్పర్ అంటాం. ఆ వైపు చూస్తే నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చున్నాయి. అంతే, కోతకి పంపేశాం. షీటుకి ఎనిమిది కార్డులు, రెండు వరుసలు. వెనక వరుస ఎవరూ చూడలేదు.

రెండు రోజులకి పెళ్ళికూతురి తండ్రి ఒక కార్డు పట్టుకొచ్చారు. కోప్పడలేదు. "ఏంటి బాబూ, స్వామివారికి నాలుగు కళ్ళున్నాయి?" అన్నారు, అంతే. ఆయన అప్పటికే సగం కార్డులు పంచేశారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

రాత్రంతా ఆ కాగితం తేమ పీల్చుకుంది. కాగితంలో పోగు ఒక దిక్కున ఉంటుంది, దాన్ని గ్రెయిన్ అంటాం. తేమ తగిలితే పోగు పొడుగు పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. గ్రిప్పర్ పట్టుకున్న వైపు కాగితం కదలదు కాబట్టి ఆ తేడా అంతా వెనక మూలల్లో తేలుతుంది. అర మిల్లీమీటరు చాలు, స్వామి కళ్ళ దగ్గర రంగు పక్కకి జరిగిపోతుంది. మావయ్య డబ్బు తీసుకోకుండా మొత్తం మళ్ళీ వేయించాడు. ఈసారి వేసే గంట ముందు దాకా రీము కట్టు విప్పలేదు, రంగుకీ రంగుకీ మధ్య షీట్ల మీద ప్లాస్టిక్ కప్పాం, నాలుగు రంగులూ ఒక్క రోజులో ముగించాం.

యూట్యూబులో డిజైన్ పాఠాలు చెప్పేవాళ్ళలో నేను చూసినవాళ్ళెవరూ ఈ తేమ మాట ఎత్తరు. నాకు కోపం వచ్చేది అక్కడే. బ్లీడ్, బ్లీడ్ అని గంటలు గంటలు చెప్తారు. ముసురు పట్టిన ఊళ్ళో ప్రెస్ నడపని వాళ్ళకి కాగితం సంగతి ఏం తెలుస్తుంది?

ఇంకోటి. దేవుడి బొమ్మ, ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే అది బొమ్మని కుదించేస్తుంది, అచ్చులో మసకగా వస్తుంది. పేర్లు ఫోనులో టైప్ చేసి పంపితే చాలా ప్రెస్సుల్లో వాటిని అనూ ఫాంట్లలోకి, అంటే ప్రెస్సుల్లో వాడే పాత పద్ధతి తెలుగు అక్షరాల్లోకి, మారుస్తారు. అక్కడ ఒత్తులు ఎగిరిపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు చూపించే నమూనా, వచ్చాక గోత్రాలు, ఇంటిపేర్లు, ముహూర్తం పెద్దవాళ్ళతో పైకి చదివించండి. "చూశాం, ఓకే" అని రెండు నిమిషాల్లో జవాబిచ్చే ఇళ్ళవాళ్ళే తర్వాత ఏడుస్తారు.

మీరు ప్రెస్సుకి వెళ్ళినప్పుడు కోసిన కార్డు చూపిస్తే సరిపెట్టుకోకండి. "కోయని షీటు చూపించండి, వెనక మూలల్లో రిజిస్టర్ చూస్తాను" అనండి. భూతద్దం అడిగితే వాళ్ళే ఇస్తారు, ప్రతి ప్రెస్సులోనూ ఒకటి ఉంటుంది.