షాక్ పరీక్షలో తప్పిన మందు గురించి

అమ్మాయీ,

మూర్ఛకు మందవుతుందని చూస్తున్న నీ కొత్త రసాయనం, షాక్ ఇచ్చి మూర్ఛ తెప్పించే విద్యుత్ షాక్ పరీక్షలో ఎలుకలను కాపాడలేదని, దాన్ని పక్కన పెట్టమంటారా అని అడిగావు. తొందరపడకు. లెవెటిరాసెటామ్ అనే మూర్ఛ మందు షాక్ పరీక్షలోనూ, మూర్ఛ తెప్పించే రసాయనమైన పెంటిలీన్‌టెట్రజోల్ పరీక్షలోనూ తేలిపోయిన మందే. మెదడుకు చిన్న చిన్న ప్రేరణలు పదే పదే ఇచ్చి మూర్ఛకు లోనయ్యేలా చేసిన జంతువుల్లో మాత్రం పనిచేసింది. ఇవాళ దాన్ని రాయని నరాల వైద్యుడు అరుదు.

షాక్ పరీక్షను తీసిపారేయమని కాదు. 1930ల చివర్లో మెరిట్, పుట్నమ్ అనే వైద్యులు పిల్లులకు షాక్ ఇచ్చి చూసే ఫెనిటాయిన్ అనే మందుకు మూర్ఛను ఆపే గుణం ఉందని పట్టుకున్నారు. కానీ అదే ఫెనిటాయిన్ పెంటిలీన్‌టెట్రజోల్ తెప్పించే కుదుపులను ఆపలేదు. ఎథోసక్సిమైడ్ అనే మరో మూర్ఛ మందు వాటిని ఆపుతుంది, షాక్ దగ్గర చేతులెత్తేస్తుంది. ఒకటి నరాల కణాల్లోని సోడియం ద్వారాల మీద, మరొకటి కాల్షియం ద్వారాల మీద పనిచేసే మందులు మరి! కాబట్టి ‘పనిచేయలేదు’ అని రాసినప్పుడల్లా ఏ పరీక్షలోనో పక్కనే రాయి.

ఎలుకను నువ్వే దగ్గర కూర్చుని చూడు. షాక్ తగలగానే ఒళ్లు బిగుసుకుంటుంది, వెనక కాళ్లు నిటారుగా వెనక్కి చాచుకుంటాయి. మందు పనిచేస్తే ఆ చాచడం ఆగుతుంది. కాళ్లు కొట్టుకోవడం మిగలవచ్చు. దాన్ని చూసి మందు విఫలమైందని రాసేవాళ్లున్నారు, నాకు ఒళ్లు మండుతుంది.

కాపాడినట్టు కనిపించినా వెంటనే సంబరపడకు. తిరిగే కడ్డీ మీద ఎలుక నిలవగలుగుతోందా? మత్తుతో జారిపడే మోతాదుకూ, మూర్ఛను ఆపే మోతాదుకూ మధ్య ఎంత ఎడం ఉంటే మందుకు అంత విలువ.

మందు లేకుండా, దాన్ని కరిగించే ద్రావకం మాత్రమే ఇచ్చిన ఎలుకల గుంపును ఎన్నడూ వదలకు. 1960ల తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో పియర్ ఐమార్ అనే పరిశోధకుడు పరీక్షిస్తున్న రసాయనాలన్నీ మూర్ఛను ఆపుతున్నట్టు కనిపించాయి. తీరా చూస్తే ఆపుతున్నది వాటిని కరిగించిన వాల్ప్రోయిక్ ఆమ్లం!

అన్నట్టు, మందు ఇచ్చాక ఎంతసేపటికి షాక్ ఇచ్చావో నువ్వు రాయలేదు. మెదడుకు చేరకముందే పరీక్షించి ఉంటే ఈ ఫలితానికి అర్థం లేదు. ముందు కొద్ది ఎలుకల్లో అరగంటకు, గంటకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు చూసి, ఆ పట్టిక పంపు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.