మీరడిగారు: సంక్రాంతి ఆటల్లో ఆ బాబుకి చోటెక్కడ?

ప్రశ్న: మాది పెరంబూరులో ఒక అపార్ట్‌మెంట్. తెలుగువాళ్లం తొమ్మిది కుటుంబాలం కలిసి ఏటా సంక్రాంతికి పిల్లలకు ఆటలు పెడతాం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పన్నెండేళ్ల బాబు ఒకడున్నాడు. వీల్‌చైర్‌లోనే ఉంటాడు, మాట కాస్త ముద్దగా వస్తుంది గానీ మహా చురుకు. పోయినేడాది వాడు ఏ ఆటా ఆడలేదు, చివర్లో నలుగురం పట్టుకుని స్టేజి ఎక్కించి, టిఫిన్ బాక్సు కన్సొలేషన్ ప్రైజుగా ఇచ్చి చప్పట్లు కొట్టాం. ఆ రాత్రే వాళ్లమ్మ బాక్సు తెచ్చి మా గుమ్మంలో పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఈసారి ఏం చేయాలి? ఆడిస్తే దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదని మా సెక్రటరీగారికి టెన్షన్.
- ఒక కమిటీ మెంబరు, చెన్నై

జవాబు: ఆవిడ బాక్సు తిరిగి ఇచ్చినందుకు నొచ్చుకోకండి. ఆడనివాడికి ప్రైజు ఎందుకిచ్చారో పన్నెండేళ్ల పిల్లాడికి అర్థం కాదనుకున్నారా?

ముందు వాడి దగ్గర కూర్చోండి. వాళ్లమ్మని కాదు, వాడినే అడగండి, ఏ ఆట ఆడతావురా అని. జవాబు రావడానికి రెండు నిమిషాలు పట్టినా మధ్యలో మీరు మాట అందించొద్దు. మా పిన్ని కొడుక్కీ ఇదే ఇబ్బంది, ఇప్పుడు ముప్పై దాటాయి. చిన్నప్పుడు మెరీనాకి వెళ్తే మా బాబాయిలు ఎత్తుకుని ఇసుకలోంచి నీళ్ల దాకా తీసుకెళ్లేవాళ్లు, కొంచెం పెద్దయ్యాక వాడే వద్దన్నాడు, రోడ్డు పక్కనే ఉండిపోయేవాడు. 2022 నవంబరులో అక్కడ 263 మీటర్ల చెక్క దారి వేశారు కదా, పట్టుమని రెండు వారాలైనా కాకముందే మాండూస్ తుఫాను దాన్ని పాడుచేసింది, మళ్లీ బాగుచేశారు. ఆ తర్వాత ఒక సాయంత్రం వాడు తన చక్రాలు తనే తిప్పుకుంటూ చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి మమ్మల్ని "మీరు నెమ్మదిగా రండి" అన్నాడు. పాతికేళ్లుగా మేం వాడికి చెప్పిన మాటే అది.

ఇక ఆటలంటారా, బోచా అని ఒకటుంది. పేరు కొత్తగా ఉన్నా మన గోలీలాటకు దగ్గర చుట్టమే. ఒక తెల్ల బంతిని ముందు వేస్తారు, ఒకరు ఎర్ర బంతులు, ఇంకొకరు నీలం బంతులు ఆరేసి విసురుతారు, ఎవరిది తెల్లదానికి దగ్గరగా ఆగితే వాళ్లకి పాయింట్లు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ల కోసమే పుట్టిన ఆట, 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. చెయ్యి ఆడనివాళ్లు వాలుగా పెట్టిన గాడిలోంచి బంతిని వదులుతారు. మీరు ప్లంబర్ని అడిగి పీవీసీ పైపుని నిలువునా రెండుగా కోయించుకుంటే ఆ గాడి సిద్ధం. అయితే దీన్ని "ఆ బాబు ఆట" అని విడిగా పెట్టారో, మళ్లీ టిఫిన్ బాక్సు కథే. పిల్లలందరూ కుర్చీల్లో కూర్చుని ఆడాలి. వాడు ఓడిపోతే ఓడిపోనివ్వండి.

స్టేజి సంగతి. ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల వాలు అన్నది ర్యాంపుల లెక్క, అంటే ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల పొడవు కావాలి. పలక వేసేశాం అని నిటారుగా పెడితే కుర్చీ వెనక్కి పడుతుంది. నన్నడిగితే అసలు స్టేజే వద్దు, కింద కార్ పార్కింగులో బళ్లు పక్కకి తీసి ప్రైజులు అక్కడే ఇవ్వండి.

సెక్రటరీగారికి: నిమ్మకాయ స్పూను ఆటలో ఏటా ఎవడో ఒకడు మోకాలు చెక్కుకుంటాడు, అప్పుడు బాధ్యత ఎవరిదని అడిగారా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వివక్ష కూడదంటుంది, ఆటల్లో, వినోదంలో వాళ్లకు చోటు కల్పించడం ప్రభుత్వ బాధ్యతంటుంది. అలాగని వాట్సాప్ గ్రూపులో సెక్షన్లు పెట్టి ఆయన్ని బెదిరించకండి, ఆ పిల్లాణ్ణి చూస్తేనే మొహాలు మాడ్చుకునే పరిస్థితి వస్తుంది. వాడికి ఏ కదలిక మంచిది, ఏది కాదన్నది వాళ్ల ఫిజియోథెరపిస్టుని ఒకసారి అడిగితే చాలు. అంతకంటే వివరంగా కావాలంటే ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది.

ప్రశ్న: మా కోడలికి వినపడదు. లేడీస్ క్లబ్బులో తంబోలా ఆడేటప్పుడు పక్కనున్నవాళ్లు చెబితే తప్ప నంబరు తెలియదు. మానేస్తానంటోంది.
- ఒక అత్తగారు, మైలాపూరు

జవాబు: మాననివ్వకండి. నంబరు పిలిచే ఆవిడ చేతికి ఒక పలక, సుద్దముక్క ఇవ్వండి, ముందు రాసి చూపించాకే పైకి చదవాలి. లేదంటే వచ్చే నెల నంబర్లు పిలిచే పని మీ కోడలికే అప్పగించి చూడండి.