హ్యారీ పాటర్ కథలో పరుసవేది (లోహాన్ని బంగారంగా మార్చి, చావు లేకుండా చేస్తుందనే రాయి) చేసినవాడిగా వచ్చే నికొలా ఫ్లామెల్ నిజంగా ఉన్న మనిషేనా? బంగారం చేశాడా?

మనిషి నిజం. బంగారం కథ మాత్రం ఆయన పోయిన దాదాపు రెండు వందల ఏళ్ళకు అచ్చులోకెక్కింది.

నేను పారిస్‌లో చదువుకునే రోజుల్లో, హ్యారీ పాటర్ పిచ్చి ఉన్న మా చెల్లెలు "అన్నయ్యా, ఫ్లామెల్ ఇల్లు అక్కడే ఉందట, ఫోటో పంపు" అని ప్రాణం తీస్తే మోంమొరాన్సీ వీధిలో 51వ నంబరు ఇంటికి వెళ్ళాను. 1407లో ఫ్లామెల్ కట్టించిన రాతి ఇల్లు. ఇప్పుడు అందులో రెస్టారెంటు నడుస్తోంది. గుమ్మాల పైన గోడ పొడుగునా పాత ఫ్రెంచిలో చెక్కిన అక్షరాలున్నాయి. రహస్య సూత్రమేదో ఉంటుందనుకుంటే, బంగారం ఊసే లేదు. కష్టం చేసుకుని బతికే ఆడా మగా మేము, ఈ ఇంట్లో ఉంటున్నందుకు చనిపోయిన పాపుల కోసం రోజూ రెండు ప్రార్థనలు చెయ్యాలి అని దాని సారం. కింది అంతస్తు అద్దెకిచ్చి, ఆ డబ్బుతో పైన పేదలకు ఊరికే చోటిచ్చేవాడట. వాళ్ళు కట్టాల్సింది ప్రార్థనే. పుణ్యం లెక్క బాగా తెలిసిన వ్యాపారి!

మరి అంత డబ్బు ఎక్కడిది? అచ్చుయంత్రం రాని కాలం. పుస్తకం కావాలంటే చేత్తో రాయించుకోవాల్సిందే. ఫ్లామెల్ వృత్తి అదే: లేఖకుడు, పుస్తకాల వ్యాపారి. భార్య పెర్నెల్‌కు అంతకుముందే రెండు పెళ్ళిళ్ళయ్యాయి, ఆ భర్తలు పోగా మిగిలిన ఆస్తితో వచ్చింది. దానికి ఇళ్ళ అద్దెలు తోడయ్యాయి. 1397లో ఆమె చనిపోతే ఆస్తి కోసం ఆమె వైపు బంధువులు కోర్టుకెక్కారు. పరుసవేది చేతిలో ఉన్నవాడికి ఈ గొడవలెందుకు చెప్పండి?

పిల్లల్లేరు. సంపాదనలో చాలా భాగం చర్చిలకు, దానాలకు పెట్టాడు. పారిస్‌లోని ఇన్నోసెంట్స్ శ్మశానంలో కట్టించిన తోరణం మీద దేవుడి బొమ్మల పక్కన తమ దంపతుల బొమ్మలూ చెక్కించాడు. ఆయన 1418లో పోయాడు. 1612లో పారిస్‌లో ఆయన పేరుతో ఒక పుస్తకం వెలువడి, ఆ బొమ్మలన్నీ రసవాద సంకేతాలని, 1382లోనే ఆయన పాదరసాన్ని వెండిగా, బంగారంగా మార్చాడని చెప్పింది. మన వేమనకు బంగారం కథ అంటగట్టినట్టే అనుకోండి. 1761లో విల్లాన్ అనే మతాచార్యుడు పాత దస్తావేజులు తిరగేసి ఇదంతా కల్పితమని రాశాడు. కానీ అప్పటికే ఫ్లామెల్ చావలేదని నమ్మేవాళ్ళు తయారయ్యారు.

నన్ను ఆకట్టుకున్నది ఆయన సమాధి రాయి. బతికుండగానే చెక్కించుకున్నాడు: పైన క్రీస్తు, అటూ ఇటూ పీటరు, పాలు, కింద కుళ్ళుతున్న శవం. ఫ్రెంచి విప్లవం తర్వాత, ఆ రాయి ఉన్న చర్చిని కూల్చేశారు. 19వ శతాబ్దంలో ఆ రాయి ఒక కూరగాయల కొట్లో దొరికింది, దాని వెనకవైపు ఆకుకూరలు తరుగుతున్నారట! ఇప్పుడు క్లూనీ మ్యూజియంలో ఉంది. పారిస్ వెళ్ళేవాళ్ళు ఇంటితోపాటు దాన్నీ చూడండి.