‘బ్లాక్‌బర్డ్’ చేయబోతున్న అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు పంపిన తెలుగు స్క్రిప్టు అందింది. రెండుసార్లు చదివాను. స్కాటిష్ నాటకకర్త డేవిడ్ హారోవర్ ‘బ్లాక్‌బర్డ్’ ఎందుకు ఎత్తుకున్నావని మీ అమ్మ కంగారు పడుతోందట. కంగారు పడాల్సిన నాటకమే. అయినా చెయ్యి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకో. ఆ నాటకం ఎవరినైనా నలిపితే చూసేవాళ్ళనే నలపాలి, వేసేవాళ్ళను కాదు.

2005లో ఎడిన్‌బరా ఉత్సవంలో పీటర్ స్టైన్ దర్శకత్వంలో ఇది మొదటిసారి స్టేజీ ఎక్కింది. 2007లో లండన్‌లో కొత్త నాటకాలకిచ్చే ఒలివియర్ అవార్డు వచ్చింది. ఒక ఆఫీసులో భోజనాల గది, దాదాపు చివరిదాకా ఇద్దరే మనుషులు, ఇంటర్వెల్ లేదు. ఉనాకు పన్నెండేళ్ళప్పుడు నలభై ఏళ్ళ రే ఆమెను లోబరుచుకున్నాడు. జైలుకు వెళ్ళొచ్చాడు. పేరు మార్చుకుని కొత్త ఉద్యోగం చేసుకుంటున్నాడు. పదిహేనేళ్ళ తర్వాత ఒక పత్రికలో అతని ఫోటో చూసి ఆమె వెతుక్కుంటూ వస్తుంది. కథను మన ఊరికి మార్చనందుకు సంతోషించాను. పేర్లు అలాగే ఉండనీ.

ఇందులో అసలు చిక్కు ఎక్కడుందంటే, తను అతన్ని ప్రేమించానని ఉనా తన నోటితోనే అంటుంది. ఆ మాట విన్నాక హాల్లో సగం మంది మెత్తబడతారు. ‘ఆ పిల్లకీ ఇష్టమే కదా’ అనుకుంటారు. రచయిత కావాలనే వాళ్ళను అక్కడికి తీసుకెళ్తాడు. నువ్వు మాత్రం అక్కడ తడబడకు. పన్నెండేళ్ళ పిల్ల ఇష్టానికి ఏ అర్థమూ లేదు. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం కూడా పద్దెనిమిది నిండని పిల్లల సమ్మతిని లెక్కలోకి తీసుకోదు. అందుకే వయసు మాట వచ్చిన ప్రతిచోటా స్టేజీ మీద కదలికలు ఆపించు. మ్యూజిక్ వద్దు, లైటు మార్చొద్దు. అంకె స్పష్టంగా వినిపిస్తే చాలు.

రే వేషం వేసే అబ్బాయి నన్ను కలిసినప్పుడు ‘పాత్రలో మంచితనం వెతుకుతున్నాను’ అన్నాడు. వెతకొద్దని చెప్పు. చెడ్డతనం కూడా వెతకొద్దు. ప్రతి క్షణం అతనికి ఏం కావాలో అదే చూసుకోమను. ఆమె గొంతు తగ్గించాలి, బయట తోటి ఉద్యోగులకు వినపడకూడదు, తను మారిపోయాననిపించుకోవాలి. ఇవి చేస్తే చాలు, అతను ఎలాంటివాడో ప్రేక్షకుడే తేల్చుకుంటాడు.

మన పరిషత్తు నాటికల్లో పెరిగిన నటులకు ఇంకో ఇబ్బంది వస్తుంది. డైలాగు పూర్తిచేసి చప్పట్ల కోసం ఒక్క క్షణం ఆగడం మనకు అలవాటు. ఇక్కడ వాక్యాలు సగంలో తెగిపోతాయి, ఒకరి మాట మీద ఇంకొకరు పడతారు. చిన్నప్పుడు రే తనను గెస్ట్‌హౌస్‌కు తీసుకెళ్ళిన రాత్రి గురించి ఉనా సుదీర్ఘంగా చెప్పేచోట మాత్రం ఎవరూ అడ్డురారు. అక్కడ మా తరం వాళ్ళమైతే వెనక తెర మీద ఆ గెస్ట్‌హౌస్ గది చూపించేవాళ్ళం. నువ్వు చూపించకు. గతం ఒక్క ముక్క కూడా కంటికి కనపడకూడదు. ఆమెను కూర్చోబెట్టి చెప్పనివ్వు.

ఇక రిహార్సల్స్. ఏడుపు రావడానికి ‘నీ జీవితంలో జరిగింది గుర్తు తెచ్చుకో’ అని ఉనా వేషం వేసే అమ్మాయితో ఎప్పుడూ అనకు. ఆమెకు ఏం జరిగిందో, జరగలేదో నీకు తెలియదు, అడిగే హక్కు కూడా లేదు. సొంత జ్ఞాపకాల మీద నటన కట్టమన్న రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ కూడా చివరి ఏళ్ళలో, పాత్ర ఒంటితో చేసే పనుల నుంచే నటన మొదలుపెట్టే శారీరక చర్యల దారి పట్టాడు. పెనుగులాటలు, దగ్గరితనాలు ఉన్నచోట్ల ఫైట్ మాస్టర్ దెబ్బలు నేర్పినట్టు చెయ్యి ఎక్కడ పడాలో లెక్కకట్టి ఖాయం చెయ్యి. ఖాయం చేశాక ‘ఈరోజు ఫ్లోలో వచ్చేసింది’ అంటే ఒప్పుకోకు. ఆ సీన్లు చేసేటప్పుడు గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలి. రిహార్సల్ అయ్యాక బైకెక్కి వెళ్ళిపోనివ్వకు. ఆ భోజనాల గది సీన్లలో స్టేజీ మీద వాళ్ళు తన్నిన చెత్తంతా అందరూ కలిసి ఊడవండి. సొంత పేర్లతో పిలుచుకుంటూ టీ తాగండి. పాత్ర అక్కడ దిగిపోవాలి.

నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు ఆ చివర్లో వచ్చే చిన్నపిల్ల గురించి. రే ఇప్పుడు కలిసి ఉంటున్నావిడ కూతురు, అతన్ని వెతుక్కుంటూ గదిలోకి వస్తుంది. ఆ అడుగుతో నాటకమంతా మళ్ళీ తలకిందులవుతుంది. ఆ పాపకు తన డైలాగులే నేర్పు, మిగతా కథ చెప్పకు. ఆమె తల్లిదండ్రులు మాత్రం స్క్రిప్టు మొదటి నుంచి చివరి దాకా చదివాకే సరే అనాలి. తన వంతు వచ్చేదాకా పాప అమ్మతో పాటు స్టేజీ మాటలు వినపడని గదిలో ఉండాలి, వింగ్‌లో నిలబెట్టొద్దు. ఏమీ తెలియకుండా లోపలికి వచ్చే ఆ ముఖానికి నటన అక్కర్లేదు.

పోస్టరు మీద విషయం సూటిగా రాయించు. పెద్దలకు మాత్రమేనని చెప్పు. మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళను ఎవరూ ఆపకూడదు. కరపత్రం వెనక మానసిక సాయం కోసం టెలీ మానస్ 14416, పిల్లల కోసం 1098 నంబర్లు వేయించు. కర్టెన్ పడగానే ముఖ్య అతిథి, శాలువాలు, ఉపన్యాసాలు పెట్టొద్దమ్మా, బతిమాలుతున్నాను. సన్మానం తప్పదంటే నాటకానికి ముందే కానిచ్చెయ్. చర్చ పెడితే నువ్వు ఒక్కదానివే కూర్చో. ఉనా వేషం వేసిన అమ్మాయిని కూర్చోబెడితే ఎవరో ఒకరు ‘ఇది మీ కథేనా’ అని అడుగుతారు.

ప్రదర్శన హక్కులకు, అనువాదానికి రచయిత తరఫువాళ్ళ నుంచి రాతపూర్వకంగా అనుమతి వచ్చిందా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. రాకపోతే హాలుకు అడ్వాన్సు కట్టకు. ఆ కాగితం రాగానే ఫోన్ చెయ్యి. సీన్లు ఖాయం చేసే రోజుల్లో ఆ ఇంకో ఆడమనిషిగా నేనే వచ్చి కూర్చుంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ