పరీక్షలో 'ఇఫ్' వాక్యం వస్తే సరైన ఆప్షన్ ఎలా పట్టుకోవాలి?

"ఫస్ట్, సెకండ్, థర్డ్ కండిషనల్ టేబుల్ కంఠతా వచ్చు. అయినా ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) మాక్ టెస్టుల్లో ఇఫ్ ప్రశ్నలు సగం పోతున్నాయి. వైజాగ్‌లో మంచి మెటీరియల్ ఏదైనా ఉందా?" అని అడిగారు. మెటీరియల్ సంగతి అలా ఉంచండి. ఆ టేబుల్ వల్లే మీకు పోతున్నాయి. ద్వారకానగర్‌లో ఏ జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ నోట్సు కొన్నా అదే మూడు గళ్ళ టేబుల్. ఇఫ్ ఉన్న సగంలో ఫలానా క్రియారూపం కనిపిస్తే రెండో సగంలో ఫలానాది పెట్టేయమంటుంది. ప్రశ్నలు తయారు చేసేవాళ్ళకీ ఆ టేబుల్ కంఠతా వచ్చు, తప్పుడు ఆప్షన్ దాన్నిబట్టే రాస్తారు.

ఈ ప్రశ్న చూడండి. "ఇఫ్ హుద్‌హుద్ హ్యాడ్ నాట్ హిట్ ది సిటీ ఇన్ 2014, దోజ్ ట్రీస్ ______ ఈవెన్ నౌ." ఆప్షన్లు: ఎ) వుడ్ హావ్ స్టిల్ స్టుడ్, బి) వుడ్ స్టిల్ బి స్టాండింగ్, సి) విల్ స్టిల్ బి స్టాండింగ్, డి) హ్యాడ్ స్టిల్ స్టుడ్.

టేబుల్ బట్టీ పట్టినవాళ్ళు 'హ్యాడ్ నాట్ హిట్' చూడగానే థర్డ్ కండిషనల్ అనుకుని 'వుడ్ హావ్' వెతుక్కుంటారు, 'ఎ' పెట్టేస్తారు. వాక్యం చివరున్న 'ఈవెన్ నౌ' దాకా కళ్ళు వెళ్ళవు. తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆ సంగతి అయిపోయింది, అందుకే మొదటి సగంలో 'హ్యాడ్ నాట్ హిట్'. చెట్లు నిలబడి ఉండటం మాత్రం ఈరోజు మాట. ఈరోజుకి 'వుడ్ బి' కావాలి. జవాబు 'బి'. షరతు నిన్నటిది, ఫలితం నేటిది అయిన ఇలాంటి వాక్యాన్ని మిక్స్‌డ్ కండిషనల్ అంటారు. మూడు గళ్ళ టేబుల్‌లో దానికి చోటే లేదు.

కాబట్టి రెండు సగాల్నీ విడదీసి చదవండి. ఖాళీ లేని సగం మారదు. ఆ షరతు నిజంగా జరిగే అవకాశం ఉందా, లేక ఉత్త ఊహా అన్నది అదే చెబుతుంది. తర్వాత ఖాళీ ఉన్న సగంలో కాలం చెప్పే మాట పట్టుకోండి: నౌ, టుడే, యెస్టర్‌డే, బై ద టైమ్, ఇన్ 2014. ఆ మాట దొరికితే క్రియ ఏ కాలంలో ఉండాలో తేలిపోతుంది. అలాంటి మాట ఏదీ లేనప్పుడు మాత్రమే టేబుల్ జోలికి వెళ్ళండి.

ఇఫ్ ఉన్న సగంలో 'విల్', 'వుడ్' కనబడితే నూటికి తొంభైసార్లు తప్పు అక్కడే. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" తప్పు, "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" ఇంకా తప్పు. ఈ రెండోది అమెరికన్ సిరీసుల్లో విని విని చెవికి ఒప్పుగా అనిపిస్తుంది. పరీక్షలో చెవిని నమ్మొద్దు. మినహాయింపు ఒకటుంది, దాన్ని చాలా నోట్సుల్లో రాయనే రాయరు, నాకు చిరాకు పుట్టించేది అదే. "ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్ టుమారో" నిక్షేపంగా ఒప్పు. అక్కడ ఇఫ్ షరతు కాదు, 'వస్తాడో రాడో' అనే సందేహం. ఇఫ్ తీసేసి 'వెదర్' పెట్టి చూడండి, వాక్యం నిలబడితే 'విల్'కి అడ్డు లేదు. ముందు నో, ఆస్క్, వండర్ లాంటి క్రియలుంటే ఈ పరీక్ష తప్పకుండా చేయండి.

'ఇఫ్ హి వాజ్' కనబడగానే కొట్టేయడం ఇంకో అలవాటు. "ఇఫ్ ఐ వాజ్ యు" అన్నది ఊహ కాబట్టి పరీక్షలో 'వర్' కోరుకుంటారు, నిజమే. కానీ "ఇఫ్ హి వాజ్ ఎట్ ది మీటింగ్ యెస్టర్‌డే, హి మస్ట్ హావ్ హర్డ్ ద న్యూస్" అన్నదాంట్లో అతను నిన్న మీటింగుకి వెళ్ళి ఉండొచ్చు, మనకి తెలియదంతే. ఊహ లేదు, అందుకే 'వాజ్' సరైనదే, జవాబు 'నో ఎర్రర్'.

స్పాటింగ్ ఎర్రర్స్‌లో, అంటే వాక్యంలో తప్పున్న ముక్కని పట్టుకోమనే ప్రశ్నల్లో, ఎక్కువ దెబ్బతీసేది ఇఫ్ మాయమైన వాక్యం. "హ్యాడ్ హి రీచ్డ్ దువ్వాడ ఆన్ టైమ్, / హి విల్ హావ్ కాట్ / ద రత్నాచల్ ఎక్స్‌ప్రెస్." మొదట్లో 'హ్యాడ్ హి' చూసి అదేదో ప్రశ్నవాక్యంలా ఉందని మొదటి ముక్క తప్పనుకుంటారు. చివర ప్రశ్నార్థకం లేదు, మధ్యలో కామా ఉంది, అంటే ఇఫ్ దాక్కుంది. మొదటి ముక్క సరిగ్గానే ఉంది, రెండో ముక్కలో 'వుడ్ హావ్' రావాలి. ఇలా ముందుకొచ్చేవి మూడే: హ్యాడ్, వర్, షుడ్. వీటితోపాటు ఇఫ్ కూడా పెట్టి "ఇఫ్ హ్యాడ్ హి" అంటే తప్పు. కాదనాలంటే "హ్యాడ్ హి నాట్" అనాలి, "హ్యాడంట్ హి" అంటే అదీ తప్పే.

'అన్‌లెస్' వెనకాల 'నాట్' ఉంటే సాధారణంగా అదే తప్పు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయని పాత జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) సెంటెన్స్ కరెక్షన్ పుస్తకాలు కొనకండి. 2023 నవంబరులో మొదలైన కొత్త జీమ్యాట్‌లో ఆ విభాగమే తీసేశారు, ఆ పొడుగాటి వాక్యాల పద్ధతి ఎస్‌ఎస్‌సీకి సరిపడదు కూడా. ఎస్‌ఎస్‌సీ పాత పేపర్లే తీయండి. ప్రతి ఇఫ్ ప్రశ్న పక్కన ఖాళీ ఏ సగంలో ఉందో, కాలం చెప్పే మాట ఏదో పెన్సిల్‌తో రాసుకుంటూ పోండి. జవాబు కీ ఆ తర్వాతే తెరవండి.

ఎస్‌ఎస్‌సీ పెట్టే డిగ్రీ స్థాయి ఉద్యోగ పరీక్ష సీజీఎల్ మొదటి దశ, టైర్ 1లో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు, ఒక్కోదానికి సగటున 36 సెకన్లు. ఇంగ్లీషు 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పైతే 0.50 కోత. ఇఫ్ సగంలో విల్, వుడ్ పెట్టే ఆప్షన్లు కొట్టేశాక రెండు ఆప్షన్లు మిగిలి, ఎటూ తేలకపోతే ఖాళీగా వదలొద్దు, ఒకటి పెట్టేయండి. సగం సార్లు తప్పినా సగటున ప్రశ్నకి 0.75 మార్కు మీకే మిగులుతుంది.