యుద్ధంలో స్కాట్లాండ్ సైనికుల ముందు బ్యాగ్‌పైపర్ ఎందుకు నడిచేవాడు?

సంచిలోకి గాలి ఊది వాయించే బ్యాగ్‌పైప్ గొంతు పెద్దది. తుపాకుల మోతలో ఆఫీసర్ కేక వినపడకపోయినా అది వినిపిస్తుంది, తనవాళ్లు ఎటు కదులుతున్నారో సైనికుడికి తెలుస్తుంది. అంతకంటే పెద్ద పని, గుండె ధైర్యం నింపడం.

మొదటి ప్రపంచయుద్ధం, 1915 సెప్టెంబర్ 25, ఫ్రాన్స్‌లోని లూస్. విషవాయువు దెబ్బకు కింగ్స్ ఓన్ స్కాటిష్ బోర్డరర్స్ దళం ఒకటి కందకంలోనే బెదిరి నిలబడిపోయింది. 40 ఏళ్ల పైపర్ డేనియల్ లెయిడ్లా కందకం గట్టెక్కి, గుళ్లు కురుస్తుంటే అటూ ఇటూ నడుస్తూ వాయించాడు. అంతే, సైనికులు లేచి దాడికి ఉరికారు. గాయపడినా ఆయన వాయించడం ఆపలేదు. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఆయనకు దక్కాల్సిందే, దక్కింది.

ఆ యుద్ధంలో ఎంతోమంది పైపర్లు నేలకొరగడంతో తర్వాత వాళ్లను ముందు వరసకు పంపడం మానేశారు. అయినా రెండో ప్రపంచయుద్ధంలో, 1944 జూన్ 6న కమాండర్ లార్డ్ లోవట్ అడిగాడని పైపర్ బిల్ మిల్లిన్ ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో వాయిస్తూ దిగాడు. ఒంటిమీద తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో కట్టిన కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్లు కట్టే మడతల లంగా). మేజోడులో దోపుకున్న చిన్న కత్తి తప్ప ఆయుధమే లేదు!

మన సైన్యంలోని పైప్ బ్యాండ్లకూ మూలం ఈ స్కాటిష్ సంప్రదాయమే.