ఆపరేషన్ ముందు నోరు కట్టుకోవడం నా వల్ల కావట్లేదు డాక్టర్ గారూ!

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, బరువు 122 కిలోలు. షుగర్‌కి, బీపీకి మాత్రలు వాడుతున్నాను. త్వరలో బరువు తగ్గే ఆపరేషన్ (స్లీవ్) చేయించుకోబోతున్నాను. దానికి ముందు రెండు వారాల పాటు ప్రొటీన్ షేకులు, పల్చటి సూపు, కాసిని ఉడికించిన కూరగాయలు తప్ప ఏమీ తినొద్దన్నారు. ఇవాళ మూడో రోజు. తల పగిలిపోతోంది, ఎవరు పలకరించినా విసుగొస్తోంది. నిన్న రాత్రి పిల్లలు వదిలేసిన కేకు తినేశాను. ఇంత నోరు కట్టుకోగలిగితే నాకు ఆపరేషన్ ఎందుకు? కేకు సంగతి సర్జన్‌కి చెప్పాలా? చెబితే ఆపరేషన్ ఆపేస్తారా?

జవాబు: ముందు ఒక్క మాట. మీరు రాసింది మూడో రోజున. ఈ డైట్‌లో చాలామందికి రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకానే నరకం. అప్పటిదాకా పిండిపదార్థాల మీద నడిచిన ఒంటికి అవి ఒక్కసారిగా ఆగిపోతే కొవ్వు కరిగించుకుని నడవాల్సి వస్తుంది, ఆ మారే రోజుల్లోనే తలనొప్పి, నీరసం, చిరాకు, నోట్లో అదో రకం వాసన, అన్నీ కట్టగట్టుకుని వస్తాయి. ఆ తర్వాత కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు అనే పదార్థాలు తయారవడం మొదలయ్యాక చాలామందిలో ఆకలి దానంతటదే కొంత తగ్గుతుంది. కాబట్టి ఇవాళ్టి పరిస్థితి చూసి మిగతా రోజులన్నీ ఇలాగే ఉంటాయని లెక్కేసుకోకండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఇది మీ పట్టుదలకి పెట్టిన పరీక్షేమీ కాదు. ఇంకా చెప్పాలంటే మీ బరువు కోసం పెట్టింది కూడా కాదు, మీ లివర్ కోసం పెట్టింది. లివర్ ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం పైభాగాన్ని కప్పుకుని ఉంటుంది. చిన్న రంధ్రాల గుండా చేసే ఈ ఆపరేషన్‌లో సర్జన్ ముందు లివర్‌ని ఒక పరికరంతో పైకెత్తి పట్టుకుంటేనే కింద పని చేయాల్సిన చోటు కనిపిస్తుంది. బరువు ఎక్కువున్నవాళ్లలో చాలామందికి లివర్‌లో కొవ్వు పేరుకుని అది పెద్దదిగా, బరువుగా ఉంటుంది, ఎత్తబోతే చిరిగి రక్తం కారే ప్రమాదమూ ఉంటుంది. అస్సలు చోటు దొరక్కపోతే పొట్ట కోసి చేయాల్సి రావచ్చు, లేదా ఆ రోజుకి ఆపేసి వాయిదా వేయాల్సి రావచ్చు. రోజుకి సుమారు 800 నుంచి 1000 కేలరీలతో, పిండిపదార్థాలు బాగా తగ్గించి రెండు వారాలు గడిపితే లివర్ చెప్పుకోదగ్గంత చిన్నదవుతుంది. అందులో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ ఉన్న పిండిపదార్థం) మొదట ఖర్చవుతుంది, దాని ప్రతి గ్రాముతో పాటు దాదాపు 3 గ్రాముల నీరు కూడా పోతుంది, ఆ వెనకే కొవ్వు తగ్గుతుంది. మొదటి వారంలో బరువు గబగబా తగ్గినట్టు కనిపించేదీ ఇందుకే, అందులో చాలావరకు నీరే. రోజూ మూడుసార్లు మెషీన్ ఎక్కి చూసుకోనక్కర్లేదు.

ఇప్పుడర్థమైందిగా, ఒక్క కేకు ముక్కతో మీ లివర్ తిరిగి మొదటికొచ్చేయదు. ప్రమాదమల్లా "ఎలాగూ చెడిపోయింది, రేపట్నుంచి చూద్దాం" అనుకోవడంలో ఉంది. తర్వాతి పూట నుంచి మళ్లీ మామూలుగా కొనసాగించండి. తప్పు చేశానని ఆ మర్నాడు ప్రొటీన్ షేకు కూడా మానేసేవాళ్లుంటారు, అది ఇంకా తప్పు, ప్రొటీన్ చాలకపోతే కరిగేది కండ.

నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది కేకు కాదు, షుగర్ మాత్రలు. తిండి ఇంతగా తగ్గి మందులు పాత డోసులోనే ఉంటే షుగర్ పడిపోవచ్చు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే. చెమటలు, చేతులు వణకడం, గుండె దడ అనిపిస్తే వెంటనే షుగర్ చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకి మళ్లీ చూసుకోవాలి. డైట్ పాడవుతుందని ఆగొద్దు, ఆ సమయంలో పంచదారే మందు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలైతే ఇంకో చిక్కు. అవి వాడుతూ ఇలాంటి డైట్ చేస్తే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదముంది, అందుకే వాటిని ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందే ఆపిస్తారు, కొందరికి డైట్ మొదలైన రోజే ఆపిస్తారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఫోన్లతో కాలయాపన చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ మాత్రల డోసు కూడా తగ్గించాల్సి ఉంటుందేమో అడగాలి. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపకండి, అలాగని అడగకుండా పాత డోసే మింగుతూ కూర్చోకండి.

తలనొప్పికి చాలాసార్లు నీళ్లు, ఉప్పు తగ్గడమే కారణం. గుండె, కిడ్నీ సమస్యలతో నీళ్లు కొలిచి తాగమని చెప్పి ఉండకపోతే రోజుకి రెండు లీటర్లకి తగ్గకుండా తాగండి. కాస్త ఉప్పేసిన పల్చటి సూపు మధ్యాహ్నం ఒకసారి తాగితే నీరసం తేలికపడుతుంది, మీకు బీపీ ఉంది కాబట్టి ఉప్పు ఎంతవరకో అడిగి వేసుకోండి. టీ, కాఫీ ఒక్కసారిగా మానేసినా తల పోటెత్తుతుంది, పంచదార లేకుండా తాగనిస్తారేమో కనుక్కోండి. నొప్పి మాత్ర తప్పదంటే పారాసిటమాల్ చాలు, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దు.

షేకులన్నీ ఒకేసారి తాగేయకుండా రోజంతా నాలుగైదు సార్లుగా పంచుకోండి. చాలామందికి పగలు ఎలాగో గడిచిపోతుంది, రాత్రి పిల్లలు పడుకున్నాకే వంటింటి లైటు వెలుగుతుంది, కాబట్టి ఒక షేకు ఆ సమయానికి దాచుకోండి. ఇంట్లో వంట మీదేనా? అయితే ఈ రెండు వారాలు రుచి చూడటం, వడ్డించడం, మిగిలినవి సర్దడం ఇంకొకరికి అప్పగించండి. మిగిలింది చూస్తే పారేయబుద్ధి కాదు, నోట్లో పడేది అక్కడే. నమలడానికి ఏమీ లేదన్న బాధ కూడా చిన్నది కాదు, మీకు ఒప్పుకున్న కూరగాయల్ని మెత్తగా కాకుండా కాస్త పలుకుగా ఉడికించుకుని నిదానంగా తినండి. మలబద్ధకానికీ అవి పనికొస్తాయి.

"ఇంత నోరు కట్టుకోగలిగితే ఆపరేషన్ ఎందుకు" అన్నారు. రెండు వారాలు వేరు, ఇరవై ఏళ్లు వేరు. బరువు తగ్గేకొద్దీ ఒళ్లు ఆకలి పెంచి పోయిన బరువు తిరిగి తెచ్చుకోవాలని చూస్తుంది. స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, దాంతో ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ కూడా బాగా తగ్గుతుంది. అంటే ఇప్పుడు మీరు ఆకలితో ఒట్టి చేతులతో పోట్లాడుతున్నారు, ఆపరేషన్ తర్వాత పోరాటం ఇంత ఏకపక్షంగా ఉండదు.

సర్జన్‌కి చెప్పాలా అంటే, చెప్పాలి. ఒక్క కేకు ముక్కకి ఆపరేషన్ ఆపేసే అవకాశం చాలా తక్కువ. కానీ వారం రోజులు డైట్ సాగకపోయినా సాగిందని చెబితే, లోపల లివర్ ఎలా ఉండబోతోందో సర్జన్‌కి తెలియకుండా పోతుంది. షేకు పడకపోతే వేరేది మారుస్తారు, పెరుగో గుడ్డో కలిపిన ఇంకో రకం డైట్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఇవాళే హాస్పిటల్‌కి ఫోన్ చేసి డైటీషియన్‌తో మాట్లాడండి, మీరు వాడే మాత్రల పేర్లు, డోసులు చూసి చదివి చెప్పండి, కేకు సంగతి ఆ తర్వాత చెప్పొచ్చు.